అడుగు పొడవు తెరచాప పడవ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రేడియోతో నడిపే తెరచాప పడవల్లో చాలా చిన్నదైన ఫుటీ తరగతిని గత సంచికలో పరిచయం చేశాము. లోపలి కొలతలు 305 మిల్లీమీటర్ల పొడవు, 153 వెడల్పు, 305 లోతు ఉన్న పెట్టెలో, స్తంభమూ తెరచాపా తీసేసిన పడవ ఇమిడితే చాలుననీ, తెరచాప విస్తీర్ణానికి గానీ బరువుకు గానీ నియమాల్లో పరిమితి లేదనీ అందులో రాశాము. ఆ వ్యాసం చదివి పడవలు మొదలుపెట్టినవారి నుంచీ, ఇంతకు ముందే కట్టి చిక్కుల్లో పడినవారి నుంచీ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర మీటరు పొడవున్న "వన్ మీటర్" తరగతి పడవ ప్లాను ఉంది. అన్ని కొలతలనూ 0.3తో గుణించి అడుగు పడవ కట్టాను. లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. అయినా చిరుగాలికే పక్కకు పడుకుంటోంది, పైగా ప్లానులోని నీటిగీత కన్నా బాగా లోతుగా మునుగుతోంది. ఎందుకు? – విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులు, రాజమహేంద్రవరం

మాస్టారూ, మీ గుణకారంలో తప్పు లేదు. అయితే పొడవు, వైశాల్యం, బరువు ఒకే పాళ్లలో తగ్గవు. పొడవు 0.3 వంతుకు తగ్గితే తెరచాప వైశాల్యం 0.09 వంతుకు, పడవ బరువు 0.027 వంతుకు దిగుతుంది. వన్ మీటర్ పడవ కనీస బరువు 4 కిలోలు కాబట్టి, మీ అడుగు పడవ సరిగ్గా 108 గ్రాములు తూగితేనే గీత దగ్గర తేలుతుంది. తెరచాపనూ చుక్కానినీ కదిపే రెండు చిన్న మోటార్లు (సర్వోలు), రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్, నాలుగు బ్యాటరీలు కలిపితేనే 80 గ్రాములకు చేరువవుతాయి. మిగిలిన 28 గ్రాముల్లో హల్ (పడవ ఒళ్లు), స్తంభం, సీసం అన్నీ కుదరడం అసాధ్యం. మీ పడవ లోతుగా మునగడానికి కారణం ఇదే.

ఒరగడం సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. గాలి పడవను ఒరగదోసే శక్తి తెరచాప వైశాల్యాన్నీ దాని ఎత్తునూ బట్టి ఉంటుంది కాబట్టి పొడవు ఘనంతో తగ్గుతుంది. పడవను తిరిగి నిలబెట్టే శక్తి బరువునూ ఆ బరువు ఎంత కిందికి ఉందన్నదాన్నీ బట్టి ఉంటుంది కాబట్టి పొడవు నాలుగో ఘాతంతో తగ్గుతుంది. అంటే ఒరగదోసే శక్తి 0.027 వంతుకు దిగినప్పుడు నిలబెట్టే శక్తి 0.0081 వంతుకు పడిపోయింది. చెరువు మీద గాలి మాత్రం పెద్ద పడవకూ చిన్న పడవకూ ఒకటే. కాబట్టి మీ పడవ అసలు పడవ కన్నా 3.3 రెట్లు బలహీనంగా నిలబడుతోంది.

అందువల్ల అడుగు పడవను పెద్ద పడవకు నకలుగా కాక, మొదటి నుంచీ వేరుగా గీయాలి. వన్ మీటర్ పడవ లోతు దాని పొడవులో 42 శాతం మించకూడదు, కానీ ఫుటీ పెట్టె లోతు దాని పొడవుతో సమానం. ఆ లోతు మొత్తాన్నీ వాడుకోండి. పడవ అడుగు నుంచి నీటిలోకి దిగే సన్నని రెక్క (కీల్) చివర 200 గ్రాముల సీసపు గుండు, పడవ తేలే కేంద్రానికి 22 సెంటీమీటర్ల కింద వేలాడుతోందనుకోండి. 1,000 చదరపు సెంటీమీటర్ల తెరచాపతో, సెకనుకు 3 మీటర్ల గాలిలో ఆ పడవ దాదాపు 22 డిగ్రీలు ఒరుగుతుంది, అది హాయిగా నడిచే ఒరుగు. గాలి 4 మీటర్లకు పెరిగితే ఒరుగు 40 డిగ్రీలు దాటుతుంది, ఎందుకంటే గాలి తోపుడు వేగం వర్గంతో పెరుగుతుంది. అక్కడ చిన్న తెరచాపకు మారవలసిందే. గాలి వేగానికి తగ్గట్టు రెండు మూడు తెరచాపలు సిద్ధంగా ఉంచుకోవడం ఈ పడవల వారికి అలవాటు.

ప్రశ్న: హల్ ఆకారం గీయడం ఎక్కడ మొదలుపెట్టాలి? చూడటానికి అందంగా గీశాను, కానీ అది ఎంత లోతున తేలుతుందో తెలియడం లేదు. – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

గీతకు ముందు తూకం. కాగితం మీద పెన్సిలు పెట్టే ముందు, వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు తెచ్చుకుని, కొన్న ప్రతి వస్తువునూ తూచి ఒక పట్టిక రాసుకోండి. నేను ప్రస్తుతం నడుపుతున్న పడవ పట్టిక ఇది: హల్, పై మూత 90 గ్రాములు, సీసం 200, కీల్, చుక్కాని 25, సర్వోలు రెండూ 20, రిసీవర్ 10, నాలుగు సన్న బ్యాటరీలు 50, స్తంభం, తెరచాప 25, దారాలు, కొక్కేలు, జిగురు, రంగు 20. మొత్తం 440 గ్రాములు. ఆర్కిమెడిస్ చెప్పినట్టు, మంచినీటిలో ఆ పడవ 440 ఘన సెంటీమీటర్ల నీటిని పక్కకు నెట్టాలి.

నీటిగీత దగ్గర 30 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు, కీల్ మినహాయించి 3.8 లోతు అనుకుంటే, ఆ దిమ్మ ఘనపరిమాణం 1,026. పడవ రెండు కొసలూ సన్నగిల్లి, అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అందులో 43 శాతం మాత్రమే హల్ అవుతుంది, అది దాదాపు 440 ఘన సెంటీమీటర్లకు వస్తుంది. ఆ తర్వాత ప్రతి 3 సెంటీమీటర్లకు ఒక అడ్డుకోత గీసి, గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టి, కోతల వైశాల్యాల నుంచి ఘనపరిమాణం తేల్చే, మీరు చదువుకున్న సింప్సన్ సూత్రంతో కూడండి. తేడా వస్తే అడ్డుకోతలను దిద్దాలే తప్ప, "కాస్త బరువు తగ్గిద్దాంలే" అని వదిలేయకండి. ఈ కొలతల పడవ 20 గ్రాములు ఎక్కువైతే దాదాపు ఒక మిల్లీమీటరు మునుగుతుంది; రంగు మూడో పూత వేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఆకారం సంగతికి వస్తే, నీటిగీత పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే, పడవ తన అల మీదకు ఎక్కలేక ఆగిపోయే వేగం నాట్లలో వస్తుంది. అడుగు పడవకు అది 1.34 నాట్లు, అంటే సెకనుకు దాదాపు 69 సెంటీమీటర్లు. మరోవైపు, సెకనుకు 23 సెంటీమీటర్ల కన్నా నెమ్మదిగా కదిలే అల నీటి మీద ఏర్పడదు. గాలి సన్నగిల్లి పడవ అంతకన్నా నెమ్మదిగా పాకుతున్నప్పుడు అది అలలే లేపదు, నీటి రాపిడి ఒక్కటే దానికి అడ్డు. అందుకే పలుచటి గాలుల్లో గెలిచేది సన్నని ముక్కు కాదు, నున్నని ఒళ్లు. నీటిలో తడిపి రుద్దే 600 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 1,000 నంబరుతో ముగించి రుద్దిన హల్‌ను వేలితో తడిమి చూడండి, ఎక్కడా గరుకు తగలకూడదు.

కీల్ విషయంలో మాత్రం పెద్ద పడవల పుస్తకాలు నమ్మవద్దు. ఇంత చిన్న కొలతల్లో, ఇంత తక్కువ వేగంలో, మందపాటి చేపపొట్ట ఆకారం పెద్దగా మేలు చేయదు. రెండు మిల్లీమీటర్ల కార్బన్ రేకు లేదా సర్క్యూట్ బోర్డు రేకు తీసుకుని, ముందంచు గుండ్రంగా, వెనకంచు పలుచగా రుద్దితే అదే చక్కగా పనిచేస్తుంది.

ప్రశ్న: అన్నయ్యా, నేను తొమ్మిదో తరగతి. థర్మకోల్‌తో పడవ చెక్కాను. పగులు అతికించడానికి తక్షణం అతికే జిగురు వేస్తే థర్మకోల్ కరిగి గుంట పడింది. ఇంకేం వాడాలి? – భీమవరం విద్యార్థిని

అమ్మా, ఆ జిగురూ, పెట్రోలూ, రంగుల్లో కలిపే థిన్నరూ థర్మకోల్‌ను కరిగిస్తాయి. రెండు గొట్టాల్లో వచ్చే ఎపాక్సీ జిగురు కరిగించదు. తెల్లగా ఉండే చెక్క జిగురు కూడా కరిగించదు గానీ నీటిలో మెత్తబడుతుంది. గుంట పడిన చోట ఎపాక్సీలో థర్మకోల్ పొడి కలిపి నింపు. తర్వాత హల్ అంతటా పలుచటి గాజునార గుడ్డ పరిచి ఎపాక్సీ పూస్తే గట్టి పెంకు వస్తుంది. ఆ పని అమ్మానాన్నల సమక్షంలో, చేతులకు తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి చెయ్యాలి. పాలిస్టర్ రెజిన్ మాత్రం వాడకు, అది కూడా థర్మకోల్‌ను తినేస్తుంది. గుంట పడినందుకు దిగులు పడి పడవను పారేయకు, నువ్వు చెక్కిన ఆకారం ఫొటోలో చాలా బాగుంది.

ప్రశ్న: సీసపు గుండు ఎలా పోత పోయాలి? వలలకు కట్టే సీసం మా ఊళ్లో దొరుకుతుంది. – తాళ్లరేవు పాఠకుడు

1839 తుఫానుకు ముందు ఓడలు కట్టిన కోరంగి మీకు పక్కనే ఉంది కాబట్టి, ఓడకు అడుగున బరువు ఎందుకో మీకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ ఓడలు అడుగు గదిలో రాళ్లో ఇసుకో నింపుకునేవి. మన పడవకు లోపల చోటు లేదు కాబట్టి దాన్ని బయట, కీల్ చివర వేలాడదీస్తున్నాము.

పోత పోయడం వద్దని గట్టిగా చెబుతున్నాను. ప్లాస్టర్ అచ్చులో మిగిలిపోయిన తడి మీద కరిగిన సీసం పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై, సీసం మొహం మీదకు చిమ్ముతుంది. అచ్చు బయటికి పొడిగా కనిపించినా లోపల తడి ఉండవచ్చు. సీసపు పొగ పీల్చడం, సీసం అంటిన చేతులతో అన్నం తినడం రెండూ విషమే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పని అసలే తగదు.

దానికి బదులు చిన్న సీసపు గుళ్లను చిక్కటి ఎపాక్సీతో కలిపి, బాదంకాయ ఆకారపు అచ్చులో కూరండి. గుళ్ల మధ్య సందులుంటాయి కాబట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాముల నుంచి దాదాపు 7.5కు దిగుతుంది. 200 గ్రాములకు పోత గుండు 18 ఘన సెంటీమీటర్లయితే, ఇది 27 అవుతుంది. కాస్త లావవుతుంది, నీటి రాపిడి కాస్త పెరుగుతుంది, అయినా నా మనసు ఈ పద్ధతివైపే. గుళ్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

ప్రశ్న: తెరచాప తాడు లాగే సర్వో మధ్యలో మొరాయిస్తోంది. పెద్దది కొనాలా? – విజయవాడ పాఠకురాలు

కొనవలసిన పని ఉండకపోవచ్చు. 1.8 కిలోగ్రామ్–సెంటీమీటర్ బలమున్న చిన్న సర్వో చేతికి 4 సెంటీమీటర్ల కర్ర బిగిస్తే, కొసన 450 గ్రాముల లాగుడు దొరుకుతుంది. ఆ కర్ర 90 డిగ్రీలు తిరిగితే దాదాపు 5.7 సెంటీమీటర్ల తాడు కదులుతుంది. తెరచాప అడుగున ఉండే అడ్డకర్రకు, అంటే బూమ్‌కు, స్తంభం నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో తాడు కడితే, బూమ్ 5 డిగ్రీల నుంచి 85 డిగ్రీల వరకు తెరుచుకోవడానికి 5.1 సెంటీమీటర్లు చాలు. మీరు పంపిన బొమ్మలో తాడు 2 సెంటీమీటర్ల దగ్గరే కట్టి ఉంది. అక్కడ లాగాలంటే రెట్టింపు బలం కావాలి. ముడిని వెనక్కి జరపండి. దారం మెలిక పడే ప్రతి కొక్కెం గుండా చేత్తో లాగి చూసి, ఎక్కడ గీసుకుంటోందో ముందు కనిపెట్టండి.

రిసీవర్ గురించి ఒక మాట. ఇప్పటి రిమోట్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర లేదు గానీ, అవి నీటిలోంచి పోలేవు. యాంటెన్నా తీగ నీటిగీతకు పైన ఉండాలి. నా మొదటి పడవలో దాన్ని హల్ అడుగున అంటించాను. పడవ 15 మీటర్ల దూరం పోయి ఒరగగానే మాట వినడం మానేసింది, నేను రిమోట్ మీద తప్పు వెతుకుతూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. తీగను పై మూత అడుగుకు మార్చాక చెరువు అవతలి గట్టు వరకూ మాట విన్నది.

ప్రశ్న: చుక్కాని నేరుగా పెట్టినా నా పడవ గాలివైపు తిరిగిపోతోంది. – హైదరాబాద్ పాఠకుడు

తెరచాప మీద గాలి తోసే కేంద్రం, కీల్ మీద నీరు ఎదురు నిలిచే కేంద్రానికి బాగా వెనక పడిందన్నమాట. ముందు ఆ రెండో కేంద్రాన్ని పట్టుకోండి. తెరచాప తీసేసి, పడవను నీళ్లతొట్టిలో వదిలి, నీటిగీత దగ్గర ఒక పుల్లతో పక్క నుంచి మెల్లగా నెట్టండి. ముక్కు దగ్గర నెడితే ముక్కు పోతుంది, వెనక నెడితే వెనక భాగం పోతుంది. ఏ చోట నెడితే పడవ తిరగకుండా మొత్తంగా పక్కకు జరుగుతుందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. తెరచాప కేంద్రం ఆ గుర్తుకు కొద్దిగా ముందు ఉండాలి. పడవ ఒరిగినప్పుడు తోపుడు పక్కకు జరిగి, అది కూడా పడవను గాలివైపే తిప్పుతుంది కాబట్టి ఆ కాస్త ముందుచూపు అవసరం.

స్తంభం దిగే గొట్టానికి ఒకటి కాక, 8 మిల్లీమీటర్ల ఎడంగా మూడు రంధ్రాలు పెట్టుకుంటే చెరువు గట్టునే సరిచేసుకోవచ్చు. గాలి జోరుగా ఉన్నప్పుడే ఇలా తిరుగుతుంటే, స్తంభం ముట్టుకోకుండా చిన్న తెరచాప పెట్టి చూడండి.

ప్రశ్న: గాలివాటున పోతున్నప్పుడు పడవ ముక్కు నీటిలోకి దూరి ఆగిపోతోంది. బ్యాటరీ వెనక్కి జరిపినా మారలేదు. – విశాఖపట్నం పాఠకుడు

ఫుటీ కట్టిన ప్రతివారూ ఎదుర్కొనే చిక్కు ఇది. సెకనుకు 4 మీటర్ల గాలిలో వెనక నుంచి తెరచాప మీద పడే తోపుడు దాదాపు 85 గ్రాములు. అది నీటికి 25 సెంటీమీటర్ల ఎత్తున పనిచేస్తుంది కాబట్టి ముక్కును కిందికి తొక్కే శక్తి 2,100 గ్రామ్–సెంటీమీటర్లకు పైమాట. 50 గ్రాముల బ్యాటరీని 8 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే మీకు వచ్చింది 400, అందులో అయిదో వంతు కూడా కాదు. ముక్కు దగ్గర నీటిగీతకు పైన హల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటే, మునిగే కొద్దీ అది ఎత్తుకుంటుంది. మందు అక్కడ ఉంది. పై మూతను చదునుగా కాక ఇంటి కప్పులా వాలుగా చేస్తే, ఎక్కిన నీరు నిలవకుండా జారిపోతుంది. ఇప్పటికే కట్టేసిన పడవకైతే పొట్టి తెరచాప ఒక్కటే దారి.

ప్రశ్న: పదేళ్ల అబ్బాయితో కలిసి మొదలుపెడదామనుకుంటున్నాను. ఇక్కడ చాలా తరగతులు ఉన్నాయంటున్నారు. ఏది మంచిది? – డాలస్ నుంచి ఒక తెలుగు తండ్రి

మీ దేశంలో అమెరికన్ మోడల్ యాటింగ్ అసోసియేషన్ ఫుటీని గుర్తించింది కాబట్టి నియమాలు, పందేలు రెండూ అక్కడ అందుబాటులో ఉంటాయి. అబ్బాయి చేత్తో కట్టాలన్నది మీ కోరికైతే ఫుటీయే మేలు. తప్పు చేస్తే పోయేది బాల్సా అనే తేలిక చెక్క పలక ఒకటి, రెండు సాయంత్రాలు. కట్టడం కన్నా నడపడం మీద మక్కువ ఉంటే 65 సెంటీమీటర్ల డ్రాగన్‌ఫ్లైట్ 65 కొనుక్కోండి, అందరి పడవా ఒకటే కాబట్టి గెలుపు నడిపేవారి చేతిలో ఉంటుంది. ఆ రెండింటికీ నడుమ అర్జెంటీనాలో పుట్టిన ఆర్‌జీ 65 ఉంది: పొడవు 65 సెంటీమీటర్లు, తెరచాప 2,250 చదరపు సెంటీమీటర్లు మించకుండా ఉంటే మిగతా రూపం చాలావరకు మీ ఇష్టం.

మొదటి రోజు అబ్బాయికి రెండే సంగతులు నేర్పండి. తెరచాపను దాని ముందంచు రెపరెపలాడేదాకా వదిలి, రెపరెప ఆగేదాకా మాత్రమే లాగాలి. పడవ మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి భుజాన్ని పడవ పోయే దిక్కుకు తిప్పి నిలబడి నడపాలి. పందెంలో దిగాక, కుడివైపు నుంచి గాలి తీసుకుంటున్న పడవకు ఎడమవైపు నుంచి తీసుకుంటున్న పడవ దారి ఇవ్వాలన్న నియమం వస్తుంది. రేడియో పడవలకు అంతర్జాతీయ పందెపు నియమాల్లో 'అనుబంధం ఇ' ప్రత్యేకంగా ఉంది.

ప్రశ్న: మా దగ్గర చేపల చెరువులు, పంట కాలువలు ఉన్నాయి. ఎక్కడ నడపాలి? పడవ మధ్యలో ఆగిపోతే ఎలా తెచ్చుకోవాలి? – ఏలూరు పాఠకుడు

పంట కాలువ వద్దు. ఈ పడవ మామూలుగా సెకనుకు అర మీటరు పోతుంది, కాలువ నీరు అంతకన్నా వేగంగా పారితే ఎదురు రాలేదు. చేపల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే దారాలు స్తంభాన్ని పట్టేస్తాయి, నీటికి గాలి పట్టించే చక్రాల దగ్గరికి పోతే పడవే మిగలదు. చుట్టూ చెట్లు లేని ఊరి చెరువు మేలు. చెట్ల వెనక గాలి సుడులు తిరిగి, నిమిషానికో దిక్కు నుంచి వస్తుంది. గుర్రపుడెక్క పట్టిన గట్టు ఏ వైపు ఉందో ముందే చూసుకోండి. బ్యాటరీ అయిపోయిన పడవ గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతుంది కాబట్టి, గాలి మీ గట్టువైపు వీచే చోట నిలబడి నడిపితే అది దానంతట అదే మీ దగ్గరికి వస్తుంది.

అలా రాకుండా కలుపులో చిక్కుకుంటే నీళ్లలోకి దిగకండి. చెరువు అడుగు బురద ఎంత లోతో గట్టు మీద నిలబడ్డవారికి తెలియదు. ఒక టెన్నిస్ బంతికి రంధ్రం చేసి, గాలం దారం 40 మీటర్లు కట్టుకుని సంచిలో ఉంచుకోండి. బంతిని పడవకు అవతల పడేలా విసిరి, దారం స్తంభానికి ఆనుకునేలా పక్కకు నడుస్తూ, మెల్లగా లాగండి.